కళ్ళు మూసుకుని దూకిన హైజంప్

కళ్ళు మూసుకుని నేను గెలిచినన్ని పతకాలు మా పక్క ఇంకెవరూ గెలిచి ఉండరు. కళ్ళు తెరిచి గెలిచింది ఒకటే. అది కూడా ఎట్లా వచ్చిందో వింటే మీకు నా మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోతుంది.

తొంభైల మధ్యలో నేను తమిళనాడులో హోసూరుకీ డెంకణికోటకీ నడుమ ఉన్న మా ఊరి సర్కారు హైస్కూల్లో తొమ్మిదో క్లాసు చదువుతుండేదాన్ని. మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. రాగి పండే కొంచెం మెట్ట ఉండేది. అది చాలక నాయన హోసూరులో ఒక ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోయేవాడు. గొర్రెల్ని అమ్మా, నాయన తల్లి అయిన మా అవ్వా చూసుకునేవాళ్ళు. నాకు కాళ్ళు పొడుగు. ఇంట్లో అందరూ దాన్నొక జబ్బులాగే చూసేవాళ్ళు. కుట్టించిన పావడా ఏడాది తిరక్కముందే మోకాళ్ళకు ఎక్కుతోందని అమ్మ గొణిగేది. ఆ కాళ్ళను చూసి సంతోషపడిన మొదటి మనిషి మా డ్రిల్ టీచర్. ఆమె నన్ను క్లాసులోంచి వెలుపలికి పిలిచి, కింద నుంచి పైదాకా చూసి, "నువ్వు హైజంప్" అంది. ఆ రోజు నుంచి నేను హైజంప్.

మా స్కూల్లో హైజంప్ అంటే మేకులు కొట్టిన రెండు కొయ్య గుంజలు, వాటి మీద అడ్డంగా ఒక సన్నటి వెదురు బొంగు, అవతల ఇసుక. పరిగెత్తుకుంటూ వచ్చి ఒక కాలు, దాని వెనకాలే ఇంకో కాలు కత్తెరలాగా విసిరి బొంగు దాటాలి. నా నడుము పైన జానెడు దాకా నేను గొర్రెపిల్లలాగా దూకేసేదాన్ని. అక్కణ్ణుంచి రెండు వేళ్ళు పెంచితే చాలు, బొంగు నా మడమకు తగిలి, నాతోపాటే ఇసుకలో పడేది. నెలల తరబడి ఆ రెండు వేళ్ళ దగ్గరే ఉండిపోయాను.

ఇట్లా ఉండగా టీచర్ సేలంలో ఏదో శిక్షణకు పోయి వచ్చింది. వచ్చిన రోజే మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంది.

"మైదానంలో దూకితే కాళ్ళు నేర్చుకుంటాయి. మనసులో దూకినా కాళ్ళు నేర్చుకుంటాయంట. నిలబడిన కాడి నుంచి ఇసకలో పడే దాకా అంతా చూడండి. నడాన కండ్లు తెరవద్దండి."

సగం మంది నిద్రపోయారు. హెడ్మాస్టరు కిటికీలోంచి తొంగి చూసి, డ్రిల్ పీరియడ్‌లో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ చూడలేదని మెచ్చుకుని వెళ్ళాడు. నాకు మాత్రం ఈ పద్ధతి ప్రాణానికి నచ్చింది. చెమట లేదు, మోకాళ్ళు గీరుకుపోవడం లేదు. ఊహించుకోవడం అనే పనిలో నాకు ముందునుంచే మంచి అనుభవం ఉంది, లెక్కల పీరియడ్ మొత్తం అదే పని కదా.

కళ్ళు మూసుకున్నాను. మైదానం నిండా జనం. కలెక్టరు తెల్ల కారులో దిగాడు. మైకులో నా పేరు ముందు తమిళంలో చెప్పారు, తర్వాత తెలుగులో, కర్ణాటక నుంచి ఎవరైనా వచ్చి ఉంటే బాధపడకూడదని కన్నడంలో కూడా చెప్పారు. నా పొడుగు కాళ్ళను చూసి కొంగ అని పిలిచే అమ్మాయి ముందు వరసలో కూర్చుని మొహం మాడ్చుకుంది. నాకు హోసూరు గులాబీల మాల వేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అట్లా దూకకముందే నా మెడ మాలల బరువుకు వంగిపోయింది.

"దూకినావా?" అని అడిగింది టీచర్.

"దూకినాను టీచర్. ఫస్ట్ ప్రైజు."

"ఏ కాలు ముందు ఎత్తినావు?"

ఆలోచించాను. తెలియలేదు.

"సరి, పోనీ. దూకేటప్పుడు జడ ఎట్లుండింది?"

ఇది నాకు బాగా తెలుసు. "రెండు జడలు టీచర్. ఎర్ర రిబ్బను. గాల్లో బలే ఎగరతా ఉండినాయి."

"నీ జడ నీకెట్ల కనపడిందే?"

అందరూ నవ్వారు. టీచర్ మాత్రం నవ్వలేదు. నా ముందు కూర్చుని చెప్పింది. "నువ్వు దూకలేదు. గుంపులో కూర్చోని నిన్ను నువ్వే చూసుకున్నావు. అది సినిమా. నీ కండ్లతో చూడల్ల. నీకు జడ కనపడకూడదు, బొంగు కనపడల్ల. కాలి కింద నేల కాలల్ల. ఊపిరి ఇనపడల్ల."

సరే, నా కళ్ళతోనే చూశాను. కలెక్టరు లేడు, మైకు లేదు, కొంగ అని పిలిచే అమ్మాయి కూడా లేదు. ఎదురుగా బొంగు ఒక్కటే ఉంది. పరిగెత్తాను, ఎగిరాను. మడమ తగిలింది. బొంగు పడింది.

మళ్ళీ చూశాను. మళ్ళీ పడింది. ఊహలో కూడా ఓడిపోయే మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఊహ నాది, బొంగు నాది, ఇసుక నాది, అయినా ఆ రెండు వేళ్ళ ఎత్తు నన్ను దాటనివ్వలేదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందని సామెత. నేను స్వర్గానికి రోజూ ఎగిరి వస్తాను, ఉట్టి దగ్గరే చిక్కంతా. ఏడుపు మొహంతో టీచర్‌కి చెప్పాను.

"పడనీ. నువ్వే పోయి ఎత్తి పెట్టు, మళ్ళీ దూకు" అంది. "కూర్చోని వద్దు, నిలబడు. చేతులు, కాళ్ళు కొంచెం కొంచెం కదలనీ. ఇంట్లో కూడా చెయ్యి."

అప్పుడే కృష్ణగిరిలో స్కూళ్ళ పోటీలు వచ్చాయి. మా స్కూలు నుంచి హైజంప్‌కి నన్నే రాసింది టీచర్. నాయన వద్దన్నాడు. టీచర్ మా ఇంటికే వచ్చింది. నాయన ఆమెకు మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించి, ఎదురుగా నిలబడే మాట్లాడాడు.

"మీరు చెప్పేది సరే టీచరమ్మా. పెద్దదైన బిడ్డ. నలుగురి ముందర కాళ్ళెత్తి ఎగిరితే రేపు సంబంధానికి ఎవురొస్తారు? ఇంగ ఆటలు సాలు. ఈ పొద్దుతో నిలిపేసేది."

మా ఇంట్లో నాయన ఒకసారి వద్దంటే అది అయిపోయినట్టే. తిరిగి అడిగే అలవాటు ఎవరికీ లేదు. అమ్మ పొయ్యి దగ్గరకు పోయింది. అవ్వ ఆకు వక్క నములుతూ గోడవైపు చూసింది. టీచర్ మజ్జిగ తాగి, శుక్రవారం పోటీ అనీ, బుధవారం లోపల మాట మారకపోతే వేరే పిల్లను రాస్తాననీ చెప్పి వెళ్ళింది. ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడూ దూకేది లేదని నాకు అర్థమైంది. బొంగు కాలికి తగిలిన ప్రతిసారీ ఇక దూకనని శపథం చేసే నేను, ఇక దూకనక్కర్లేదు అని నాయన అనగానే అన్నం కూడా తినలేదు. నా బుద్ధి అట్లాంటిది.

అయినా టీచర్ చెప్పిన పని మానలేదు. మరుసటి రోజు సాయంత్రం, గొర్రెలు దొడ్డికి చేరే వేళ, ఇంటి ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాను. పరుగు మొదలుపెట్టాను, మనసులోనే. కానీ ఒళ్ళు ఊరుకోదు కదా. కాళ్ళు వణుకుతున్నాయి, చేతులు ఊగుతున్నాయి, బుస్సుమని ఊపిరి వస్తోంది. బొంగు పడింది. "ఛీ" అని అరిచాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఊగాను. వంచిన తల ఎత్తేటప్పటికి జుట్టు ముడి ఊడిపోయింది.

బయటి నుంచి చూసేవాళ్ళకు ఇది ఎట్లా కనిపిస్తుందో నేను ఆలోచించలేదు. అంతకుముందు బయటి నుంచి తప్ప ఇంకెట్లా చూసుకోని దాన్ని, సరిగ్గా ఆ ఒక్క సాయంత్రమే మరిచిపోయాను.

"మారెమ్మా!" అని అరుపు వినిపించింది. అవ్వ గొంతు. మా ఊరి జాతరలో మారెమ్మ పూనేది మా అవ్వకే. ఆ విషయంలో ఆమె మాటకు ఎదురు లేదు. ఎవరి మీదికి నిజంగా వచ్చింది, ఎవరు నాటకమాడుతున్నారు, ఆమెనే చెప్పాలి. నా మీద చల్లటి నీళ్ళు పడ్డాయి. పసుపు వాసన వచ్చింది. నడుమ కళ్ళు తెరవద్దని కదా టీచర్ చెప్పింది. నేను మాట వినే పిల్లను, తెరవలేదు.

"ఏం కావల్ల తల్లీ నీకు?" అని అడిగింది అవ్వ.

ఏం కావాలని ఆ ఇంట్లో నన్నెవరైనా అడగడం అదే మొదలు. పరుగు మధ్యలోనే జవాబు చెప్పేశాను. "క్రిష్ణగిరికి పోవల్ల."

"ఎప్పుడు తల్లీ?"

"శుక్రారం."

గుంపు కట్టిన ఆడవాళ్ళ నోట గుసగుస వినిపించింది. శుక్రవారం మారెమ్మ వారం మరి.

"ఆడ పోయి ఏం చేస్తావు తల్లీ?"

"దూకల్ల!" అని అరిచి దూకాను. మనసులో దూకాననే అనుకున్నాను కానీ కాళ్ళు నిజంగానే లేచాయి. కళ్ళు తెరిచేసరికి దొడ్డి పక్కన పేడలో ఉన్నాను. చుట్టూ ఊరు. అందరి చేతులూ జోడించి ఉన్నాయి. షిఫ్టు నుంచి అప్పుడే వచ్చిన నాయన భుజం మీది తువ్వాల తీసి నడుముకు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పరీక్షల్లో ఎన్ని మార్కులు తెచ్చినా ఆ తువ్వాల నా కోసం భుజం దిగింది లేదు.

"మారెమ్మ కాదు నాయనా, హైజంప్..." అని మొదలుపెట్టాను. అవ్వ నా నోట్లో ఇంత బెల్లం ముద్ద కుక్కి, "దిగింది, దిగింది. బిడ్డ బడలింది, గాలి రానీండి" అని అందరినీ పక్కకు తోసింది. బెల్లం కరిగేలోపల నాయన శుక్రవారానికి సెలవు పెడతానని చెప్పేశాడు.

అట్లా టీచర్ వెంట ఒక్కదాన్నే పోవాల్సిన నేను, నాయనతో, అవ్వతో, కొబ్బరికాయతో, వేపమండలతో కృష్ణగిరి బస్సెక్కాను. దారి పొడుగునా కనిపించిన గుడికల్లా అవ్వ నా తల వంచి దండం పెట్టించింది. కుందారపల్లి దాటేసరికి నా మెడ పట్టేసింది. టీచర్ మా వేపమండలను చూసింది, నన్ను చూసింది, ఏమీ అడగకుండా కిటికీవైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతుండడం చూసి ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోందని తర్వాత తెలిసింది.

కృష్ణగిరి మైదానంలో బొంగు లేదు. నలుపు, తెలుపు పట్టీలున్న బార్ ఉంది. ఇన్నాళ్ళూ మనసులో దూకిందంతా మా పసుపు వెదురు మీద. దీన్ని చూడగానే కాళ్ళు అడ్డం తిరిగాయి. ఎట్లాగో మొదటి ఎత్తులు దాటాను. తర్వాత నా పాత శత్రువైన ఆ ఎత్తు వచ్చింది. మొదటిసారి మడమ తగిలింది. రెండోసారి పిరుదు తగిలింది. అది నాకు కూడా కొత్తే. ఇంకొక్క అవకాశమే మిగిలింది. నాయన గుంపులో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మారెమ్మే దూకలేకపోయిందంటే ఇక ఈ ఇంట్లో ఎవరు దూకుతారు?

పరుగు మొదలుపెట్టే చోట నిలబడి కళ్ళు మూసుకున్నాను. అంతే. "వచ్చింది! నా తల్లి వచ్చింది!" అని అవ్వ తాడు కింద నుంచి దూరి మైదానంలోకి వచ్చేసింది. కర్పూరం వాసన ముక్కుకు తగిలింది. విజిల్ పట్టుకున్న సారు ఆపుతాడని చూశాను, ఒక కన్ను సగం తెరిచి. ఆయన చెప్పులు విప్పి పక్కన పెడుతున్నాడు. చూడవచ్చిన జనంలో సగం మంది దండం పెడుతున్నారు. మారెమ్మకు టైము లెక్కపెట్టే ధైర్యం తనకు లేదన్నట్టు చేతి వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు.

సిగ్గుతో చచ్చిపోదును. అయితే ఆ సిగ్గులోనే ఒక వింత జరిగింది. ఇంత పరువు పోయాక ఇక జనం ముందు ఎట్లా కనిపిస్తానన్న బెంగ మిగల్లేదు. కలెక్టరూ రాలేదు, జడలూ ఎగరలేదు. నలుపు, తెలుపు బార్ ఎదురుగా కనిపించింది. కాలి కింద నేల కాలింది. ఎడమ కాలితో నేలను తన్నాను, కుడి కాలు లేచింది, కింద బార్ కదలకుండా ఉంది. మనసులో అది నిలబడడం అదే మొదటిసారి. కళ్ళు తెరిచి పరిగెత్తాను.

దాటాను.

తర్వాతి ఎత్తులో మూడుసార్లూ పడగొట్టాను, అది వేరే సంగతి. నాకు మూడో స్థానం వచ్చింది. పోటీలో ఉన్నది నలుగురం. ఇంకో స్కూలు మాస్టరొకాయన, ఈ పిల్లకు దేవత సాయం చేసింది, ఇది చెల్లదని గొడవకు దిగాడు. విజిల్ సారు చెప్పులు వేసుకుంటూ, "బయటి మనిషి సాయం చేయకూడదని రూల్సులో ఉండాదప్పా. మారెమ్మ మనిషి కాదు కదా" అన్నాడు. మాస్టరు పోతూ పోతూ అవ్వ చేతిలోని పళ్ళెం నుంచి విభూతి పెట్టుకుని పోయాడు.

తిరిగి వచ్చే బస్సులో నాయన ఊపిరి వదిలి, "సరే, తల్లి కోరిక తీరింది. ఇంగ నిలిపేసేది" అన్నాడు. పక్క సీట్లో కళ్ళు మూసుకుని ఉన్న అవ్వ, మూసుకునే జవాబిచ్చింది. "మారెమ్మ కదరా. ఏటేటా జాతర అడగతుంది."

నాయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పదోతరగతిలో దూకాను, ఆ పైన చదువుతూ దూకాను. గొప్పగా దూకానని కాదు. ఆ రెండు వేళ్ళ తర్వాత ఇంకో రెండు వేళ్ళు, అంతే నా కీర్తి. అయినా ఆ దూకుళ్ళే నన్ను వ్యాయామ శిక్షణ కాలేజీకి తీసుకుపోయాయి. రెండువేల సంవత్సరం దాటాక హోసూరులో ఒక ప్రైవేటు స్కూల్లో నేనే డ్రిల్ టీచర్నయ్యాను. ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చినవాళ్ళ పిల్లలు మా దగ్గర చాలామంది చేరారు. వాళ్ళను వరసగా నిలబెట్టి కళ్ళు మూయించి, "నీ జడ నీకు కనపడకూడదు" అని ఈ పద్ధతిని నేనే కనిపెట్టినంత గంభీరంగా చెప్పేదాన్ని. ఆ గాంభీర్యం చూసి ఒక పాప, "టీచర్, మీరు ఎన్ని గోల్డ్ మెడల్సు గెలిచారు?" అని అడిగింది. ఆ రోజు బెల్ కొంచెం ముందే కొట్టించాను.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఊరికి పోయాను. అవ్వకు అప్పటికి చూపు తగ్గింది. జాతరలో మారెమ్మ రావడం ఇంకొకామెకు మారింది. గుమ్మంలో కూర్చుని అవ్వ తలకు నూనె పెడుతూ, ఇంతకాలానికి చెప్పేద్దామనిపించింది.

"అవ్వా, ఆ పొద్దు నాకు మారెమ్మ రాలేదు."

"తెలుసు" అంది.

నా చేయి ఆగిపోయింది. "తెలుసా? మరి నీళ్ళు పోసినావు, బెల్లం పెట్టినావు..."

"నీకు రాలేదని నాకు తెలీదా పాపా? నాకు మాత్రం ఎప్పుడొచ్చింది?"

అవ్వ తల వంచుకునే, నూనె రాయమని నా చేయి లాగి నెత్తిన పెట్టుకుంది.

"మాకు ఏం కావల్ల అని ఎవురడిగినారు? మారెమ్మనైతే అడగతారు. మీ అత్తని ముసలోనికి ఇస్తామంటే మారెమ్మ వద్దనింది. మీ తాత తాగొచ్చి కొట్టేది మారెమ్మనే నిలిపింది. నిన్ను క్రిష్ణగిరికి పంపింది. మెట్టన బాయి కూడా మారెమ్మ తవ్వించిందే."

"అంతమంది ముందర ఎట్ల మాట్లాడతా ఉంటివి అవ్వా? భయం లేదా?"

"లేకుండా యాడికి పోతుంది? అందుకే ముందు నాళ్ళ నుంచి చూసుకుంటా ఉంటి. గొర్రెల కాడ కూర్చోని కండ్లు మూసుకునేది. నేను ఊగినట్ల, నేను అడిగినట్ల, మీ తాత సరే తల్లీ అనినట్ల. మల్ల మల్ల చూసుకునేది. చూసుకోకుండా పోతే నోరు లేవదు."

సేలం పోయి నేర్చుకొచ్చిన టీచర్ ఇది వింటే ఏమనేదో అనుకుని నవ్వొచ్చింది. పిల్లలకు చెప్పినట్టే ఉత్సాహంగా అడిగాను. "చూసుకున్నదంతా అడిగేసినావా అవ్వా?"

అవ్వ నుదుటి మీదికి కారిన నూనెను కొంగుతో తుడుచుకుంది.

"ఒగటి అడగలేదు" అంది. "మా అమ్మ సావు బతుకుల్లో ఉండాదని రాయకోట నుంచి కబురొచ్చింది. గొర్రెలు ఈనే కాలం, పోవద్దనినాడు మీ తాత. ఎన్నిసార్లు చూసుకున్నానో పాపా, ఊగినట్ల, అడిగినట్ల. అడిగే కాడికి వచ్చి నిలిచిపోయేది. మారెమ్మ వచ్చి మా అమ్మని చూడల్ల అని ఎట్ల అడగతుంది? మారెమ్మకి అమ్మ యాడుంది?"